అప్పలకొండ నాలిక

పోర్ట్ బ్లెయిర్‌లో గొప్ప నాలిక ఎవరిదని అడిగితే, అబర్డీన్ బజార్‌లో ఎన్నికలప్పుడు బల్లలెక్కి ఉపన్యాసాలిచ్చేవాళ్లంతా తమదేనంటూ ముందుకొస్తారు. వాళ్లని కాసేపు పక్కన కూర్చోబెట్టండి. వాళ్లది ఊరికే ఆడే నాలిక. పనిచేసిన నాలిక ఈ దీవుల మొత్తానికి ఒక్కటే. అది కాలేజీ హాస్టలు వంటవాడు అప్పలకొండది.

చేపల పులుసు ఒక్క చుక్క అరచేతిలో వేసుకుని నాకితే ఆ చేప ఏ దీవి పక్కన వలలో పడిందో చెప్పేవాడు. నీళ్లు పుక్కిలించి ఏ బావివో చెప్పేవాడు. ఒకసారి చేపలమ్మే గవరమ్మ హాస్టలు గుమ్మంలో గంప దింపి, "ఇప్పుడే పడవలోంచి దిగిందయ్యా, ఇంకా కొట్టుకుంటంది" అంటే, చేప మొప్పల దగ్గర వేలు రాసి నాలిక్కి ఆనించాడట.

"నిన్న మద్దేన్నం పట్టేరు. అయిసులో పెట్టేరు. అయిసు కరిగింది. మళ్లీ పెట్టేరు" అన్నాడు.

గవరమ్మ గంప నెత్తినెత్తుకుని వెళ్లిపోయి, మర్నాటి నుంచి హాస్టలుకి నిజంగా కొట్టుకుంటున్న చేపలే తెచ్చింది. ఆ చేపకి పెళ్లయిందో లేదో కూడా చెప్పాడని ఒక మాట వాడుకలో ఉంది గాని, అది కాస్త ఎక్కువ. కడుపుతో ఉందని మాత్రం చెప్పాడు.

అంత నాలిక ఊరికే రాలేదు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో అప్పలకొండ తండ్రి జోగులు, బారువ పక్కనున్న పల్లె నుంచి పెళ్లాన్నీ, ఎనిమిదేళ్ల కొడుకునీ వెంటబెట్టుకుని ఓడెక్కి వచ్చాడు. హార్బరులో కలాసీగా కుదిరి, ప్రోతరాపూర్‌లో రెండు గదుల ఇల్లు వేసుకున్నాడు. కొడుకుని బడిలో వేస్తే ఆ బడి కొడుక్కి అంటలేదు. మాస్టారు హిందీలో చెప్పేది, పిల్లాడు తెలుగులో వినేది, రెండూ ఎక్కడా కలిసేవి కావు. మూడో తరగతిలో ఉండగానే పలక అటక మీద పెట్టేసి, మీసం మొలిచేసరికి ఓడ వంటగదిలో పనికి చేరిపోయాడు.

ఓడలో వంట చేసినవాడికే తెలుస్తుంది ఆ బాధ. సముద్రం లేచిందంటే కొలత గిన్నెలో నీళ్లు నిలవవు, గరిటెలో ఉప్పు నిలవదు, నిలబడినవాడు నిలవడు. ఎంత ఉప్పు పడిందో కంటితో చూసే వీలు లేదు. నాలికతోనే తూచాలి. పదకొండేళ్లు అలా తూచి తూచి నేల మీదకి దిగేసరికి, మిగతా మనుషులకి కళ్లెలాగో అతనికి నాలిక అలా అయిపోయింది. కాలేజీ హాస్టలు తెరిచినప్పుడు వంటవాడు కావాలంటే, వార్డెను పెట్టిన పప్పు పరీక్షలో నాలుగు మార్కుల మీద నాలుగున్నర తెచ్చుకుని చేరాడు.

సరే. అంతవరకూ అది పప్పులో, పులుసులో బతికిన నాలిక. మందుల్లోకి ఎలా దిగిందన్నదే అసలు సంగతి.

హాస్టల్లో నూటిరవైమంది పిల్లలు. మాయాబందర్ నుంచి, రంగత్ నుంచి, డిగ్లీపూర్ నుంచి, హట్‌బే నుంచి వచ్చినవాళ్లు. చదువు ఇక్కడే అయినా డిగ్రీ మాత్రం మెయిన్‌ల్యాండ్ యూనివర్సిటీది. ప్రశ్నపత్రాలు సముద్రం దాటి రావాలి, జవాబులు సముద్రం దాటి పోవాలి. ఒక్క పరీక్ష తప్పిందంటే మళ్లీ ఏడాదికే. అందుకని పిల్లలకి జ్వరమంటే భయం లేదు గాని, జ్వరమొచ్చిందని వార్డెనుకి తెలియడమంటే భయం. తెలిస్తే ఆయన ఇంటికి వైర్‌లెస్ కొట్టిస్తాడు. అక్కడ జెట్టీ దగ్గర ఎవరో చదివి, చదివింది పెంచి చెప్తారు. మూడోరోజుకి తల్లి ఏడుస్తూ ఓడ దిగుతుంది. ఆస్పత్రికి పోతే లైనులో ఒక పూట, చీటీకి ఒక పూట, క్లాసులు పోతాయి. ఎందుకొచ్చిన గొడవని పిల్లలే ఒక ఆస్పత్రి పెట్టుకున్నారు.

ఆ ఆస్పత్రి ఒక పాలపొడి డబ్బా.

సెలవులకి ఇంటికెళ్లిన ప్రతివాడూ తిరిగొచ్చేటప్పుడు ఒక పొట్లం బిళ్లలు తేవాలి. అది హాస్టలు కట్టుబాటు. వాళ్ల ఊరి డిస్పెన్సరీలో ఒకడు కడుపు పట్టుకుని, ఒకడు నడుం పట్టుకుని, ఒకడు ఏదీ పట్టుకోకుండా దగ్గి, నాలుగు బిళ్లలు సంపాదించుకొచ్చేవారు. అవి పాత పేపరు ముక్కలో కట్టినవి. పేరుండదు, ఊరుండదు. అన్నీ తెల్లగా, గుండ్రంగా, కవల పిల్లల్లా ఉంటాయి. పిల్లలే పేర్లు పెట్టుకున్నారు. మలేరియాకి చేదు గోలీ. తలనొప్పికి తలకాయ గోలీ. ఓడలో వాంతులు కాకుండా వేసుకునేది ఓడ గోలీ. ఏడాదిలో ఎనిమిది నెలలు వాన కురిసే చోట గదిలో పెడితే బూజు పడతాయని, డబ్బా అడుగున వేయించిన బియ్యం పోసి, వంటింట్లో పొయ్యి పైనున్న అలమరలో పెట్టారు. ఆ విధంగా ఆస్పత్రి అప్పలకొండ నెత్తి మీదకొచ్చింది.

మొదట్లో అతను డబ్బాకి కాపలా మాత్రమే. వాళ్లే తీసుకునేవారు, వాళ్లే మింగేవారు. అలా మింగి మింగి ఒకరోజు మల్లేశు చరిత్రకెక్కాడు.

మల్లేశుది రంగత్. పరీక్ష రోజు పొద్దున్నే ఓడ దిగాడు. రెండ్రోజులు ఓడలో ఉండి దిగినవాడికి నేల కూడా ఊగుతున్నట్టే ఉంటుంది, అది ఈ దీవుల్లో చంటిపిల్లకి కూడా తెలుసు. మల్లేశు హాస్టలుకొచ్చి, కళ్లు తిరుగుతున్నాయి కాబట్టి ఇది ఓడ జబ్బే, ఓడ జబ్బు కాబట్టి ఓడ గోలీయే అని చక్కగా లెక్క కట్టి, ఒకటి చాలదేమోనని రెండు మింగి పరీక్షకెళ్లాడు. ఓడ గోలీకి నిద్రొస్తుందన్న సంగతి ఓడలో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఓడలో అందరూ పడుకునే ఉంటారు. మల్లేశు మొదటి ప్రశ్నకి రెండు లైన్లు రాశాడు. మూడో లైను కాగితం మీంచి దిగి, బల్ల మీదుగా నడిచి, అంచు దాకా వెళ్లి ఆగింది. పర్యవేక్షణకొచ్చిన మాస్టారు లేపితే కళ్లు తెరవకుండానే "రంగత్ వచ్చేసిందా?" అని అడిగాడు.

ఏడాది పోయింది. ఆ సాయంత్రం మల్లేశు వంటింటి గుమ్మంలో కూర్చుని ఏడుస్తుంటే అప్పలకొండ గరిటె పక్కన పెట్టి వచ్చాడు.

"ఏ గోలీ ఏసుకున్నావురా?"

"తెల్లది, కొండ భయ్యా."

"అన్నీ తెల్లవేరా ఎర్రిబాగులోడా!"

అని డబ్బా దింపి, ఒక బిళ్ల తీసి, అలవాటు కొద్దీ నాలిక కొసకి ఆనించాడు. ఉమ్మాడు. ఇంకోటి ఆనించాడు. కళ్లు చిట్లించాడు.

"ఇది పులుపు, తలకాయది. ఇది ముందు తియ్యగుంది, తరవాత నాలిక మొద్దు బారతంది, ఇదే నీ కొంప ముంచిన ఓడ గోలీ. ఇది... థూ! ఇది చేదు."

మల్లేశు ఏడుపు మానేశాడు. ఆ మాట రాత్రి భోజనాల వేళకి హాస్టలంతా పాకింది. వారం తిరిగేసరికి డబ్బాలో మూడు చిన్న సీసాలు వెలిశాయి. అక్షరం ముక్క రాని మనిషి నూటిరవైమంది డిగ్రీ విద్యార్థులకి డాక్టరైపోయాడు.

మూడేళ్లు నడిచింది ఆ డాక్టరీ. ఓడ రోజున పిల్లలు పొట్లాలు పట్టుకుని వంటింటి ముందు వరస కడితే, అప్పలకొండ స్టూలు మీద కూర్చుని, పక్కన చెంబుడు నీళ్లు పెట్టుకుని, ఒక్కొక్కటీ రుచి చూసి సీసాల్లో పడేసేవాడు. కెమిస్ట్రీ చదివేవాళ్లు లేబరేటరీలో గంట సేపు చేసేది ఇతను రెప్పపాటులో చేస్తున్నాడని వాళ్లే ఒప్పుకున్నారు. జ్వరమొస్తే ముందు నాలుగు చేదు, పూట గడిచాక రెండు, మర్నాడు రెండు. ఆ లెక్క ఇంటింటికీ వచ్చి వేలు పొడిచి రక్తం తీసుకునే మలేరియా ఉద్యోగి దగ్గర విని బట్టీ పట్టాడు. మందిచ్చాక "చెవులు గింగురుమంటన్నాయా?" అని అడిగేవాడు. చేదు గోలీ పనిచేస్తే చెవుల్లో తేనెటీగలు లేస్తాయి, ఒళ్లు దురద పెడుతుంది. "గింగురుమంటన్నాయి భయ్యా" అంటే "పక్కా, రేపటికి లేస్తావు" అనేవాడు. లేచేవారు కూడా.

ప్రోతరాపూర్‌లో అతని భార్య ఎరుకమ్మకి మాత్రం ఈ డాక్టరీ మీద గురి కుదరలేదు.

"ఏటయ్యా, ఊరందరికీ మందులిచ్చేవోడివి, నీ పంటి నొప్పికి ఆస్పత్రికి పరిగెట్టినావేటి మొన్న?"

"పన్నుంది నోట్లోనే. నాలిక దాని పక్కింటిది. పక్కింటోళ్లు న్యాయం సెప్పకూడదే."

వార్డెనుకి ఈ సంగతి తెలియక కాదు. హాస్టల్లో ఎవరూ ఎవరికీ మందులివ్వకూడదు, ఇస్తే ఉద్యోగం పోతుందని నోటీసు పెట్టాడు. దాన్ని చదవగలిగినవాళ్లెవరూ పట్టించుకోలేదు. పట్టించుకోవలసినవాడికి చదవడం రాదు. పిల్లలు చదివి వినిపిస్తే, "ఠీక్ హై, నేనేటి మందిస్తన్నాను, రుచి సూస్తన్నాను" అన్నాడు.

ఇక గణేశ్వరరావు. మాయాబందర్ కుర్రాడు. బీయస్సీ ఆఖరి ఏడాది. తండ్రి, తాత, ఇద్దరన్నలు అందరూ సముద్రం మీదే బతికినవాళ్లు, ఆ ఇంట్లో పదో తరగతి గడప దాటినవాడు ఇతనొక్కడే. డిగ్రీ చేతికొస్తే మాయాబందర్ బడిలోనే సైన్సు మాస్టారుగా చేరాలని కోరిక. మనిషి దున్నపోతులా ఉంటాడు. కాలేజీ తాడులాగుడు పందెంలో ఇతను పట్టుకున్న వైపే తాడుండేది. అంతటివాడు, ఆ ఏడు పొంగల్ సెలవులకి ఇంటికెళ్లి తిరిగొచ్చే హడావిడిలో డిస్పెన్సరీకి వెళ్లడం మరిచిపోయాడు. పొట్లం లేకుండా వస్తే కట్టుబాటు తప్పినట్టు. జెట్టీకి బయల్దేరుతూ వదిన కాసులమ్మ గూట్లో పేపరు పొట్లం ఒకటి కనిపిస్తే జేబులో వేసుకున్నాడు. అవి దేనికో అడగలేదు. వదిన అప్పుడు ఏడో నెల గర్భిణి.

ఓడ రోజున అప్పలకొండ ఆ బిళ్లల్లో ఒకటి నాలిక్కి ఆనించి, "ఇదేటి, సుద్దముక్కలా ఉంది" అని, ఏ సీసాలోనూ వెయ్యక, డబ్బా అడుగున బియ్యంలో వదిలేశాడు. అక్కడితో మర్చిపోయాడు.

ఏప్రిల్ నెలాఖర్లో, వానాకాలం ఇంకా రాకముందే ఒక వాన వచ్చి పడింది. వంటింటి రేకు ఎక్కడో చిల్లి పడి, నీళ్లు సరిగ్గా ఆ అలమరలోకే కారాయి. పొద్దున డబ్బా తీస్తే లోపలంతా బురద. చేదు గోలీల సీసా మూత ఊడి, ఆ గోలీలన్నీ బియ్యంలో కలిసిపోయాయి. అప్పలకొండ అన్నిటినీ పళ్లెంలో పోసి, పొయ్యి వేడికి ఆరబెట్టి, మళ్లీ రుచి చూసి సీసాల్లోకి ఏరాడు. చేదుగా ఉన్నవి చేదు సీసాలోకి. పరీక్షలు పది రోజుల్లో ఉన్నాయి, నూటిరవైమందికి వండాలి, ఇంతకన్నా చూడ్డానికి తీరిక లేదు.

మూడోరోజు మధ్యాహ్నం గణేశ్వరరావు అన్నం ముందు కూర్చుని వణికాడు.

"భయ్యా, చలేస్తంది."

"ఈ ఉక్కలోనా? ఇటు రా." నుదురు చూస్తే పెనంలా ఉంది. "నాలుగు మింగు. పరీక్షల ముందు ఇలాటి యేసాలెయ్యకు."

నాలుగు మింగాడు. సాయంత్రం రెండు. మర్నాడు రెండు. జ్వరం దిగలేదు. ఆ మర్నాడు పొద్దున అప్పలకొండ గంజి పట్టుకుని గదికి వెళ్లేసరికి, తాడులాగుడు వీరుడు మంచానికి అంటుకుపోయి, కళ్లు పైకి తేలేసి, "అన్నయ్యా, పడవ కట్టెయ్యి, పడవ కట్టెయ్యి" అంటున్నాడు. గదిలో పడవా లేదు, అన్నయ్యా లేడు. మల్లేశు తడిగుడ్డ పట్టుకుని పక్కన కూర్చుని ఉన్నాడు.

"ఒరే గణేశూ, ఇటు సూడు. చెవులు గింగురుమంటన్నాయా?"

కుర్రాడు తెలివి కూడదీసుకుని తల అడ్డంగా ఊపాడు.

"దురద?"

లేదన్నాడు.

అప్పలకొండ గంజి అక్కడే పెట్టేసి వంటింటికి పరిగెత్తాడు. ఎనిమిది చేదు గోలీలు మింగినవాడికి చెవులు మోగకపోవడమా? సీసా తీసి ఒక బిళ్ల నాలిక్కి ఆనించాడు. చేదే. సందేహం లేదు. పెట్టేయబోయాడు. పక్కనే మధ్యాహ్నానికి కడగవలసిన బియ్యం ఉన్నాయి. ఆ చెయ్యి ఎందుకలా చేసిందో చేతికే తెలియాలి, ఆ బిళ్లని కూడా చెంబు నీళ్లలో ముంచి, బియ్యం కడిగినట్టు వేళ్లతో రుద్ది కడిగింది. కడిగిన బిళ్లని మళ్లీ నాలిక మీద పెట్టుకున్నాడు.

సుద్దముక్క.

ఇంకోటి కడిగాడు. సుద్దముక్క. సీసాలో ఉన్న తొమ్మిదీ కడిగాడు. తొమ్మిదీ సుద్దముక్కలే.

సంగతి బోధపడేసరికి అప్పలకొండ పొయ్యి ముందు కూలబడ్డాడు. అసలు చేదు గోలీలు వానకి నాని పిండైపోయాయి. ఆ పిండి పూసుకుని, చేదు వేషం కట్టి, మాయాబందర్ సుద్దబిళ్లలు సీసాలోకొచ్చి కూర్చున్నాయి. నాలిక అబద్ధం చెప్పలేదు. దాన్ని పై పూతే అడిగాడు, పై పూత సంగతే అది చెప్పింది. ఆ కుర్రాడికి రెండు రోజుల నుంచి మందన్నదే పడలేదు.

కూరగాయలు తెచ్చిన జీపు ఇంకా వాకిట్లోనే ఉంది. అందులో గణేశ్వరరావుని పడుకోబెట్టారు. మల్లేశు తల ఒళ్లో పెట్టుకున్నాడు. అప్పలకొండ డబ్బాని తువ్వాల్లో చుట్టి చంకలో పెట్టుకున్నాడు. ఆస్పత్రిలో పడేస్తే డాక్టర్లు వాళ్ల మందు వాళ్లు ఇస్తారు, కుర్రాడు బతుకుతాడు, ఇంక నేను నోరు విప్పడం దేనికి, అని ఒక ఆలోచన వచ్చింది. నోటీసు గుర్తొచ్చింది. ఎరుకమ్మ గుర్తొచ్చింది. ఇరవయ్యేళ్ల నుంచి ఊరు ఊరంతా చెప్పుకునే నాలిక గుర్తొచ్చింది.

ఆస్పత్రిలో చూసింది డాక్టర్ ఝాన్సీలక్ష్మి. కాకినాడ మనిషి, ఉద్యోగానికొచ్చి ఇక్కడే ఉండిపోయింది. కుర్రాడి కనురెప్ప ఎత్తి, కడుపు నొక్కి, వేలు పొడిచి రక్తం గాజు పలక మీద తీసి పంపింది.

"మలేరియాలాగే ఉంది, ముదిరింది. ఇప్పటిదాకా ఏమైనా వేశారా?"

మల్లేశు ఛాతీ విరుచుకున్నాడు. "ఫుల్ కోర్సు పడింది మేడం. ఎనిమిది చేదు గోలీలు. కొండ భయ్యా ఇచ్చాడు."

"ఈ భయ్యా ఎవరు, కంపౌండరా?"

"కాదు మేడం, మా మెస్సులో వంట. కానీ నాలికతో చూసి ఏ గోలీ అయినా చెప్పేస్తాడు. మూడేళ్లలో ఒక్కటి తప్పలేదు. ఆయన చేదు గోలీ అన్నాడంటే అది చేదు గోలీయే, రాసుకోండి."

డాక్టరమ్మ రాయబోతున్న కలం ఆగిపోయింది.

"ఎనిమిది పడ్డాక కూడా తగ్గలేదంటే ఇది మలేరియా కాకపోవచ్చు. అయితే గనక ఆ మందుకి లొంగనిదై ఉండాలి. మళ్లీ అదే ఇస్తే గుండె మీద పడుతుంది, ఇవ్వలేను. స్లైడు రిపోర్టు రేపు పొద్దుటికి గాని రాదు. అప్పటిదాకా సెలైను పెట్టి చూద్దాం."

అప్పలకొండ మంచం వైపు చూశాడు. కుర్రాడు ఇప్పుడు పడవ సంగతి కూడా మాట్లాడ్డం లేదు. రేపు పొద్దుటిదాకా ఆగేలా కనబడలేదు. మల్లేశు పొగిడిన పొగడ్త ఆ కుర్రాడికీ, మందుకీ మధ్య గోడలా నిలబడింది. ఆ గోడ తన నాలిక మీద కట్టింది. తీసేవాడు కూడా తనొక్కడే.

"డాక్టరమ్మా" అన్నాడు. "రాయొద్దు."

"ఏమయ్యా?"

"ఆడికేటీ పడలేదమ్మా. నానిచ్చినవి చేదు గోలీలు కావు."

మల్లేశు నవ్వాడు. "భయ్యా, ఏంటి మజాక్? నా కళ్ల ముందే నాకి ఇచ్చావు కదా!"

"నోరు ముయ్యరా. నా నాలిక మోసపోయింది." తువ్వాలు విప్పి డబ్బా బల్ల మీద పెట్టాడు. "ఇయ్యమ్మా, ఆడు మింగినవి ఇయ్యే. కడిగినవి. ఇవేటో నాకు తెలీదు."

ఇన్నేళ్లలో ఆ నోట తెలీదన్న మాట వినడం మల్లేశుకి అదే మొదటిసారి.

డాక్టరమ్మ ఒక బిళ్లని రెండుగా విరిచి, వెలుతురులో పెట్టి చూసింది. అప్పలకొండ అదే ఊపున అంతా చెప్పేశాడు. రేకు చిల్లి, వాన, పళ్లెం, పొయ్యి, పిండి, చెవులు మోగకపోవడం, బియ్యంలా కడగడం. చెప్పేటప్పుడు తన మీద జాలి పడలేదు, కుర్రాడి మీద నెట్టలేదు. "సుద్దముక్కలా ఉన్నాయమ్మా, అంతవరకే తెలుసు" అని ఆపాడు.

డాక్టరమ్మ బిళ్ల వాసన చూసి, నవ్వాపుకుంది.

"సుద్దముక్కలే. సున్నపు బిళ్లలు. కడుపుతో ఉన్న ఆడవాళ్లకి ఎముకల బలానికిస్తాం. ఎనిమిది మింగాడా?"

"ఎనిమిదమ్మా."

"వాటి వల్ల ప్రమాదమేమీ లేదు. అసలు మందు పడలేదని నువ్వు చెప్పావు చూడు, అదే నాకు కావలసింది." అని నర్సుని కేకేసి, నిలబడ్డ చోటే మందు రాసి, ఆ క్షణమే మొదలుపెట్టించింది.

మర్నాడు పొద్దున రిపోర్టు వచ్చింది. మలేరియాయే. అప్పటికే గణేశ్వరరావు కళ్లు తెరిచి, "భయ్యా, చెవుల్లో ఏదో మోగుతోంది" అన్నాడు. వరండాలో బెంచీ మీద కూర్చున్న అప్పలకొండ ఆ మాట విని, పండగపూట గుడి గంట విన్నట్టు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

అటు నుంచి అటే వార్డెను గదికి వెళ్లి, ఎవరూ పిలవకుండానే నిలబడి, జరిగింది చెప్పాడు. వార్డెను మండిపడ్డాడు. ఉద్యోగంలోంచి తీసేస్తానన్నాడు. ఇంతలో డాక్టరమ్మ ఫోను చేసి, ఆ వంటవాడు నోరు విప్పకపోతే మీ కుర్రాడు దక్కేవాడు కాదని గట్టిగా చెప్పడంతో చల్లబడి, మెమో ఒకటి టైపు చేయించి చేతికిచ్చాడు. ఇకమీదట ఇటువంటిది జరిగితే తీవ్రమైన చర్య అని అందులో ఉంది. అప్పలకొండ అది చదవలేడు. సర్కారు వాళ్లు తన పూర్తి పేరు వేసి, ముద్ర కొట్టి ఇచ్చిన మొదటి కాగితం అది. అద్దం కట్టించి, వంటింట్లో దేవుడి పటం పక్కన తగిలించాడు. మల్లేశు చదివి వినిపించి, "భయ్యా, ఇది తిట్టు" అంటే, "తిట్టయినా నా పేరు మీదే కదేట్రా" అన్నాడు.

పరీక్షల నాటికి గణేశ్వరరావు లేచాడు. దున్నపోతు కాస్తా లేగదూడలా అయిపోయాడు గాని లేచాడు. మూడు గంటల పరీక్షకి అప్పలకొండ ఫ్లాస్కులో గంజి పోసి, కాలేజీ మెట్ల మీద కూర్చునేవాడు. కుర్రాడు బయటికొస్తే ముందు గంజి, తరవాతే ప్రశ్నలు. పాసయ్యాడు. ఇప్పుడు మాయాబందర్ బడిలో సైన్సు మాస్టారు. బిళ్లల సంగతి హాస్టల్లో పొక్కినప్పటి నుంచి మాత్రం ఎక్కడ కనిపించినా స్నేహితులు ఒకటే అడుగుతారు.

"ఏరా గణేశూ, సీమంతం ఎప్పుడు? ఎన్నో నెల?"

వాళ్ల వదిన కాసులమ్మ కూడా, తన పొట్లం పోయిన సంగతి తెలిసి, అందరికన్నా గట్టిగా నవ్విందట.

హాస్టలు డబ్బా ఏమైందంటారా? అందులో ఇప్పుడు జీలకర్ర ఉంది. బిళ్లలు లేవు గాని, బిళ్లలు తెచ్చేవాళ్లు మానలేదు. ఏటా కొత్త పిల్లలొస్తారు, పాతవాళ్లు చెప్పిన కథలు సగం నమ్మి, ఓడ దిగగానే పొట్లం పట్టుకుని వంటింటికొస్తారు. "తాతా, ఏ గోలీ అయినా నాలికతో చెప్పేస్తావంట కదా? ఒళ్లు వెచ్చగా ఉంది, ఇది వేసుకోవచ్చా?" అంటారు. తలంతా నెరిసింది గాని ఆ మాటకి అప్పలకొండ వెన్ను ఇప్పటికీ నిటారుగా అవుతుంది. స్టూలు తెమ్మంటాడు. చెంబుతో నీళ్లు తెమ్మంటాడు. పిల్లలంతా మూగుతారు. బిళ్లని రెండు వేళ్లతో పైకెత్తి, కళ్లు సగం మూసి, దీవుల్లోకెల్లా గొప్పదైన ఆ నాలికని పూర్తిగా బయటికి చాపి, బిళ్లని దానికి వేలెడు దూరం దాకా తెచ్చి ఆపుతాడు. ఎవరూ ఊపిరి తీయరు. అప్పుడు నాలిక లోపలికి లాక్కుని, పొట్లం తిరిగి కుర్రాడి జేబులో పెట్టి, మెమో ఉన్న గోడ వైపు ఒకసారి చూసి, దండోరా వేసేవాడి గొంతుతో చెప్తాడు.

"తెలీదు!"

అని తువ్వాలు భుజాన వేసుకుని, కుర్రాడి రెక్క పట్టుకుని, "చలో ఆస్పత్రికి" అంటూ తనే ముందు నడుస్తాడు.